సోషల్ పీరియడ్‌లోనే వార్త చదవడం నేర్పండి: తిరుపతి, చిత్తూరు టీచర్ల కోసం

మీడియా అక్షరాస్యతకు, అంటే వార్తను తూకం వేసి చదివే చదువుకు, మన టైంటేబుల్‌లో వేరే పీరియడ్ లేదు. ఇస్తారేమోనని ఎదురుచూడక్కర్లేదు కూడా, ఎందుకంటే చరిత్ర, పౌరశాస్త్రం చెప్పేవాళ్ళ చేతిలో దానికి కావలసిన సరంజామా అంతా ముందే ఉంది. శాసనం ముందు నిలబడినప్పుడు మనం ఏం అడుగుతాం? ఇది ఎవరు చెక్కించారు, ఎప్పుడు, ఎవరు చదవాలని, చెప్పకుండా వదిలేసింది ఏమిటి, ఇదే సంగతి ఇంకెవరైనా రాశారా. పొద్దున్నే ఫోన్‌కి వచ్చిన వీడియోని అడగాల్సినవీ ఇవే. పాఠంలో ఈ ప్రశ్నలు అలవాటైన పిల్లలకు ఫోన్ దగ్గర కొత్తగా నేర్పాల్సింది చాలా తక్కువ.

కింద రాసినవి ఎనిమిది నుంచి పదో తరగతి దాకా పనికొస్తాయి. ఉదాహరణలు కావాలనే మన పక్కవి తీసుకున్నాను. బెర్లిన్‌లో ఏదో జరిగిందంటే పిల్లలు రాసుకుని ఊరుకుంటారు, తాము బస్సులో దాటే ఊరి పేరు వినపడితే తలెత్తి ఎదురు ప్రశ్న వేస్తారు.

ఒక మాట ముందే చెప్తాను. "దేన్నీ నమ్మకండి, పేపర్లన్నీ అబద్ధాలే, చానళ్ళన్నీ అమ్ముడుపోయాయి" అని మాత్రం క్లాసులో అనకండి. అలా విన్న పిల్లాడు తెలివైనవాడు అవడు, పేపర్ చదవడం మానేసి తన గ్రూపులో వచ్చేది మాత్రమే నమ్ముతాడు. దేన్ని ఎంతవరకు నమ్మొచ్చో తూకం వేసుకోవడం రావాలి, అదే మన పని. కలెక్టరేట్ నుంచి వచ్చిన వరద హెచ్చరికను నమ్మి బయల్దేరడం కూడా ఈ చదువులో భాగమే.

మొదటి పీరియడ్ మధ్యాహ్న భోజనంతో

వాట్సాప్ అబద్ధాలతో మొదలుపెట్టొద్దు. అలా మొదలుపెడితే మోసం అంతా అబద్ధాల్లోనే ఉందని పిల్లలు అనుకుంటారు. అచ్చంగా నిజాలతోనే మనిషిని ఎటు కావాలంటే అటు తిప్పొచ్చని ముందు చూపించాలి, దానికి భోజనం తర్వాతి పీరియడ్ సరిగ్గా సరిపోతుంది. ఆ రోజు భోజనం గురించి అందరూ ఒప్పుకునే సంగతులు బోర్డు మీద రాయండి: అన్నం, సాంబారు పెట్టారు. గుడ్డు అందరికీ వచ్చింది. వడ్డన పది నిమిషాలు ఆలస్యమైంది. సాంబారులో ఉప్పు తక్కువ. మళ్ళీ అడిగినవాళ్ళకు అన్నం వేశారు. చేతులు కడిగే కుళాయి దగ్గర తోపులాట జరిగింది. ఇక క్లాసును రెండు సగాలు చేసి, ఒక సగం మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి చూపించే మెప్పు రాయాలి, రెండో సగం ఫిర్యాదు రాయాలి. నాలుగు వాక్యాలు చాలు. బోర్డు మీద లేని ముక్క ఒక్కటి కూడా రాయకూడదు.

రెండూ పైకి చదివించండి. ఇందులో ఏది అబద్ధం అని అడగండి. ఏదీ కాదు. మరి చదివినవాళ్ళకు రెండు వేరు వేరు బడులు ఎందుకు కనిపించాయి? ఎవరు దేన్ని ముందు పెట్టారు, దేన్ని వదిలేశారు, తోపులాట హెడ్డింగ్‌లోకి ఎక్కిందా, చివరి వాక్యంలో పడిందా, అసలు కనపడనే లేదా? పిల్లలే వేళ్ళు పెట్టి చూపిస్తారు, మీరు పెద్దగా చెప్పాల్సింది ఉండదు. సమయం మిగిలితే ఇంకో ప్రశ్న వేయండి. ఇదే పథకం ఒక ప్రభుత్వంలో జగనన్న గోరుముద్ద, తర్వాతి ప్రభుత్వంలో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. వార్త రాసే ప్రతిసారీ ఆ పేరు కూడా అచ్చవుతుంది, దానివల్ల ఎవరికి ఏం ఒరుగుతుంది? ఏ పేరు బాగుందనే చర్చలోకి వెళ్ళకండి, పీరియడ్ అక్కడే అయిపోతుంది.



ఒకే పాట మీద రెండు అబద్ధాలు

రోజూ బడి అసెంబ్లీలో పాడే పాటనే తీసుకోండి. నా మటుకు నాకు హైస్కూల్ పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం దొరకలేదు, అందుకే దీనికి రెండు పీరియడ్లు ఇవ్వమంటాను. జనగణమన మీద ఏళ్ళ తరబడి రెండు మెసేజ్‌లు తిరుగుతున్నాయి. ఒకటి, ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయ గీతంగా దీన్ని యునెస్కో ప్రకటించిందని. రెండోది, ఇది అసలు బ్రిటిష్ రాజు ఐదో జార్జిని పొగుడుతూ రాసిన పాట అని. రెండూ బోర్డు మీద రాసి ఏది నిజమో చేతులెత్తమనండి. మొదటిదానికి దాదాపు అందరూ ఎత్తుతారు, రెండోదానికి క్లాసు గుసగుసలాడుతుంది.

మొదటిది వట్టి అబద్ధం. యునెస్కో అలాంటి ప్రకటన ఏదీ చేయలేదు, దేశాల గీతాలకు ర్యాంకులు ఇవ్వడం దాని పని కూడా కాదు. ఇక్కడ పిల్లల్ని అడగాల్సింది ఒకటుంది: మరి ఎందుకు నమ్మాం? మనకు నచ్చింది కాబట్టి. కోపం తెప్పించే అబద్ధం దగ్గర ఎవరైనా కాస్త ఆగి చూస్తారేమో గానీ, గర్వం కలిగించే అబద్ధాన్ని ఎవరూ తడిమి చూడరు, పదిమందికి పంపి పుణ్యం చేశామనుకుంటారు. నచ్చే వార్తనే ముందు పరీక్షించమని చెప్పండి. నా దృష్టిలో ఈ గైడ్ మొత్తంలో పిల్లలకు ఒక్కటే ఎక్కించగలిగితే ఇదే ఎక్కించాలి.

రెండోదాని కథ ఇంకా లోతైనది, ఎందుకంటే అది పుట్టింది ఫోన్‌లో కాదు, 1911లో అచ్చు పేపర్లలో. తేదీలు వరసగా రాయండి. 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో ఐదో జార్జి బెంగాల్ విభజన రద్దు చేస్తున్నట్టు ప్రకటించాడు. అదే నెల 27న కలకత్తా కాంగ్రెస్ సభల్లో జనగణమన మొదటిసారి పాడారు. విభజన రద్దుకు కృతజ్ఞతగా ఆ రోజే సభ రాజుకు స్వాగత తీర్మానం చేసింది. ఆ సభలోనే రాజును కీర్తిస్తూ రాంభుజ్ దత్ చౌధురి రాసిన హిందీ పాట ఒకటి వేరేగా పాడారు. మర్నాడు కలకత్తాలో ఇంగ్లీషువాళ్ళు నడిపే స్టేట్స్‌మన్, ఇంగ్లిష్‌మన్ పేపర్లు, చక్రవర్తికి స్వాగతంగా ప్రత్యేకంగా రాసిన పాటను ఠాగూర్ పాడాడని వేశాయి. భారతీయులు నడిపే బెంగాలీ, అమృతబజార్ పత్రికలు మాత్రం ఠాగూర్ పాట వేరు, రాజుకు స్వాగతం చెప్పిన పాట వేరు అని రాశాయి.

ఇక్కడ ఆగి పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టండి. నాలుగు పేపర్ల సంగతీ నాలుగు చీటీల మీద రాసి ఇవ్వండి, పేపర్ పేరు మాత్రం రాయకండి. ఒకే సభ గురించి రెండు రకాలుగా ఉందని వాళ్ళు కనిపెట్టాక పేర్లు చెప్పండి. అప్పుడు అడగాల్సినవి: పాట బెంగాలీలో ఉంది, విలేకరికి బెంగాలీ రాకపోతే ఏం జరుగుతుంది? ఒకే రోజు రెండు పాటలు, ఒక స్వాగత తీర్మానం ఉంటే కలగాపులగం అవడానికి ఎంత అవకాశం ఉంది? కావాలని రాశారనడానికి మన దగ్గర ఆధారం ఉందా, లేక అలా అనుకోవాలని మనకు ఉందా? ఈ చివరి ప్రశ్న వదలొద్దు. తప్పుడు వార్త ప్రతిదాని వెనకా కుట్ర ఉందనుకోవడం కూడా వాట్సాప్ జబ్బే.

తర్వాత ఠాగూర్ మాట. 1937 నవంబరులో పులిన్ విహారి సేన్‌కు రాసిన ఉత్తరంలో, యుగయుగాలుగా ప్రజల రథం నడిపే ఆ భాగ్యవిధాత ఏ జార్జీ కాలేడని ఆయన స్పష్టంగా చెప్పాడు. పిల్లలు వెంటనే "ఆయనే చెప్పాడు కదా సార్, అయిపోయింది" అంటారు. అయిపోలేదు. రాసినవాడి మాటకు విలువ ఉంది, కానీ అది 26 ఏళ్ళ తర్వాత, అపవాదు వచ్చాక ఇచ్చిన జవాబు. దానికి బలం ఎక్కడినుంచి వస్తుంది? 1911 నాటి రెండు పత్రికల నుంచి, పాటలో మిగతా చరణాల నుంచి. ఒక ఆధారాన్ని ఇంకో ఆధారంతో కట్టి నిలబెట్టడం అంటే ఇదేనని పిల్లలకు కళ్ళారా తెలుస్తుంది.

మనవాళ్ళకు అసలు ఉత్సాహం వచ్చేది చివర్లో. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లెకు వచ్చి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఠాగూర్ ఈ పాట అక్కడ పాడి వినిపించాడు, కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాసింది, అక్కడే ఠాగూర్ తన చేత్తో ఇంగ్లీషులోకి మార్చాడు, దాని మీద తేదీ 1919 ఫిబ్రవరి 28. ఈ సంగతి మీద కూడా అతిశయోక్తులు తిరుగుతుంటాయి. పాట మదనపల్లెలోనే రాశాడంటారు కొందరు. 1911లో కలకత్తాలో పాడిన పాట 1919లో మదనపల్లెలో పుట్టడం ఎలా కుదురుతుందో పిల్లలే చెప్పాలి. సొంత జిల్లా గొప్ప మీద కూడా అదే పరీక్ష పెట్టారా లేదా అన్నది మీకు అక్కడ తెలిసిపోతుంది.

ఠాగూర్ మదనపల్లె వదిలిన కొద్ది వారాలకే జలియన్‌వాలా బాగ్, 1919 ఏప్రిల్ 13. మే 31న సర్ బిరుదు తిరిగి ఇచ్చేస్తూ వైస్రాయికి ఉత్తరం రాశాడు. పదో తరగతి జాతీయోద్యమ పాఠంలో ఇది ఎలాగూ వస్తుంది, వచ్చినప్పుడు అంకెల సంగతి ఎత్తండి. సర్కారు లెక్క 379 మంది మృతులు. కాంగ్రెస్ విచారణ సంఘం వెయ్యి దాకా అంది. ఎవరు లెక్కపెట్టారు, ఎన్నాళ్ళకు మొదలుపెట్టారు, మార్షల్ లా కింద పంజాబు నుంచి వార్తలు బయటికి రాకుండా కట్టడి ఉన్నప్పుడు ఊళ్ళవాళ్ళు వచ్చి మా మనిషి పోయాడని పేరు చెప్పగలరా? అంకె కనపడిన ప్రతిచోటా దాని పక్కన లెక్కపెట్టినవాడి పేరు రాసే అలవాటు చేయించండి. నోట్సులోనే, ఎర్ర పెన్నుతో.

ఎనిమిదో తరగతికి హైదర్ అలీ

మైసూరు యుద్ధాల పాఠంలో ఒక్క ముక్క చేర్చండి. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న చనిపోయింది మన చిత్తూరు పక్కనే, నరసింగరాయనిపేట విడిదిలో. కొడుకు టిప్పు అప్పుడు మలబారు వైపు యుద్ధంలో ఉన్నాడు. మంత్రులు చావు వార్త పొక్కనివ్వలేదు, శవాన్ని పెట్టెలో పెట్టి విలువైన సామాను తరలిస్తున్నట్టుగా కాపలాతో కోలారుకు పంపించారు, దండులో పనులు ఎప్పట్లాగే నడిపించారు. టిప్పు వచ్చి చేరేదాకా సైన్యం చెదరలేదు.

పిల్లలకు కథగానే బాగుంటుంది. ఆ తర్వాత చర్చ పెట్టండి: వార్త దాచడం తప్పా? ఆ వార్త బయటికొస్తే లాభం ఎవరికి, నష్టం ఎవరికి? ఇవాళ ప్రభుత్వం దాచొచ్చు అనిపించేది ఏదైనా ఉందా, అసలు దాచకూడనిది ఏది? సైనికుల కదలికలు అంటారు, పరీక్ష పేపర్ అంటారు. ఒకమ్మాయి ఆస్పత్రిలో చనిపోయినవాళ్ళ సంఖ్య అంటుంది, దానికి ఇంకొకరు ఒప్పుకోరు. అక్కడ సమాచార హక్కు చట్టం, 2005 తీసుకురండి. చరిత్ర పాఠం, పౌరశాస్త్రం పాఠం రెండూ కలిసిపోతాయి.

పేపర్లు నేల మీద పరచండి

ఒకే రోజువి మూడు తెలుగు పేపర్లు తెప్పించండి. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి దొరుకుతాయి, వీలైతే ప్రజాశక్తి కూడా. శాసనసభ జరిగిన మర్నాడు అయితే మరీ మంచిది. బెంచీలు పక్కకు జరిపి నేల మీద పరిచి, ఒకే వార్త ఎవరు ఏ పేజీలో వేశారో, హెడ్డింగ్ ఎన్ని సెంటీమీటర్లో స్కేలుతో కొలిపించండి. ఫొటోలో ఎవరున్నారు, ఎవరు నవ్వుతున్నారు, ఎవరి నోరు తెరుచుకుని ఉన్నప్పుడు తీశారు.

అన్నిటికంటే బాగా పనిచేసేది క్రియాపదాల పని. వార్తలో మాట్లాడినవాళ్ళకు వాడిన క్రియల కింద గీత గీయించండి. ఒకరు "వెల్లడించారు", "స్పష్టం చేశారు", "భరోసా ఇచ్చారు". ఇంకొకరు "అక్కసు వెళ్లగక్కారు", "నిప్పులు చెరిగారు", "బుకాయించారు". అన్నీ కొట్టేసి "అన్నారు" అని పెట్టి మళ్ళీ చదవమనండి. వార్తలో మిగిలేది ఏమిటో, పోయేది ఏమిటో చూడండి. కొన్నిచోట్ల హెడ్డింగే కూలిపోతుంది. "తెలుస్తోంది", "సమాచారం", "విశ్వసనీయ వర్గాలు" అన్నవాటికి వేరే రంగు. పేరు, హోదా చెప్పి మాట్లాడిన మనుషులు ఆ వార్తలో ఎంతమంది, పేరులేని వర్గాలు ఎన్ని?

ఆ తర్వాత పేపర్ తిరగేసి అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న లైను వెతికించండి. అచ్చువేసినవారు, ప్రచురించినవారు, ఎడిటర్, ఎక్కడ ముద్రించారు. 1867 చట్టం నాటి నుంచీ పేపర్ మీద ఇవి ఉండాల్సిందే, ఇప్పుడు దాని స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చింది. ఆ పేర్లు పట్టుకుని యాజమాన్యం ఎవరిదో తెలుసుకోవడం ఇంటిపని. సాక్షిని పెట్టింది జగన్ కుటుంబం, ఈనాడును 1974లో పెట్టింది రామోజీరావు, ప్రజాశక్తి సీపీఎంది. ఇవి రహస్యాలు కావు, తెలుసుకుని చదవాల్సిన సంగతులు. యజమాని ఎవరో తెలిసినంత మాత్రాన వార్త అబద్ధం అయిపోదని కూడా అప్పుడే గట్టిగా చెప్పండి. తన పార్టీ తప్పు రాయని పేపర్ అవతలి పార్టీ తప్పు ఆధారాలతో రాయొచ్చు. ఇప్పుడు వాట్సాప్ ఫార్వర్డ్ అడుగున అలాంటి లైను ఏది అని అడగండి. మాటకు బాధ్యత తీసుకునే పేరు ఉందా లేదా అన్నది తూకంలో పెద్ద రాయి.

పదో తరగతికి ముద్రణ సంస్కృతి పాఠం ఉంది కదా, పత్రికల నోరు కట్టడానికి తెచ్చిన 1878 నాటి దేశభాషా పత్రికల చట్టాన్ని దీనితో కలపండి. ఆ చట్టం దేశభాషల పత్రికలకే వర్తిస్తుందని అమృతబజార్ పత్రిక ఇంగ్లీషులోకి మారిపోయింది. తొమ్మిదో తరగతి నాజీ పాఠంలో అయితే చవక రేడియోలు ఇంటింటికీ చేర్చి ఒకే గొంతు వినిపించిన సంగతి చాలు, పోస్టర్లు పుస్తకంలోనే ఉన్నాయి.

సరిహద్దు జిల్లా అయినందుకు

మనకున్న ఒక సదుపాయం చాలా జిల్లాలకు లేదు. నగరి, సత్యవేడు, చిత్తూరు పిల్లల్లో తమిళం వచ్చినవాళ్ళు ఉంటారు, కుప్పంలో కన్నడం, తమిళం రెండూ వినపడతాయి. పాలారు తీసుకోండి. కర్ణాటకలో పుట్టి, కుప్పం వైపు కొద్ది దూరం పారి, తమిళనాడులోకి పోతుంది. మనవైపు కట్టడాల మీద తమిళనాడు 2006లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆ కట్టడాల గురించి తెలుగు పేపర్‌లో ఒక వార్త, తమిళ పేపర్‌లో ఒక వార్త తెచ్చి, తమిళం వచ్చిన పిల్లల చేత క్లాసుకు చదివి చెప్పించండి. ఇక్కడ రైతుకు నీళ్ళు, అక్కడ రైతుకు నీళ్ళు ఆపడం. రెండు పేపర్లూ తమ రైతు గురించే రాస్తాయి, రెండిట్లోనూ రైతు నిజమైనవాడే. మామూలుగా వెనక బెంచీలో నోరు విప్పని తమిళ ఇంటి పిల్లలు ఆ రోజు క్లాసుకు పెద్దదిక్కు అవుతారు.

చరిత్రలో దీనికి జత తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సర్దుబాటు జరిగి తిరుత్తణి ప్రాంతం మన జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ప్రాంతం మనకొచ్చింది. తిరుపతి కూడా తమదేనని ఉద్యమం నడిపిన మ.పొ.శివజ్ఞానం తమిళనాడులో ఇంటింటా తెలిసిన పేరు, మన పిల్లల్లో ఎంతమంది విన్నారో అడిగి చూడండి. ఒక చోట వీరుడైన మనిషి, పక్క జిల్లా పుస్తకంలో లేకుండా పోవడం అంటే ఏమిటి? వార్తల్లోనూ అంతే, కనపడని మనుషుల గురించి అడగడం కష్టం, అయినా అలవాటు చేయాలి.

వరద రోజు ఏం చేయాలి

2021 నవంబరు వానలు మన పిల్లలకు ఇంకా గుర్తే. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకేజీ పడింది, దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు, తర్వాత ఇసుక బస్తాలతో కట్టను నిలబెట్టారు. కట్ట తెగలేదు. ఇలాంటి రోజున "లీకవుతోంది" అన్న మాట నాలుగు ఫోన్లు దాటేసరికి "తెగిపోయింది" అవుతుంది. క్లాసులో ఆడించండి: మొదటి బెంచీ పిల్లకు ఒక వాక్యం చీటీ ఇచ్చి చెవిలో చెప్పుకుంటూ పోనివ్వండి, చివరి బెంచీకి చేరింది బోర్డు మీద రాయండి. తర్వాత అసలు పని. ఆ రాత్రి నీ ఫోన్‌కి ఈ మెసేజ్ వస్తే ఏం చేస్తావు? కొందరు ఫార్వర్డ్ చేయను అంటారు. నిజంగానే తెగితే? దీనికి సులువైన జవాబు లేదు, లేదనే చెప్పండి. ముందు మన ప్రాణం, ఊరు కాచుకోవాలి. కబురు పంపేటప్పుడు "నేను చూశాను", "వీఆర్వో చెప్పారు", "గ్రూపులో వచ్చింది, తెలీదు" అని మూడింట్లో ఏదో చెప్పి పంపాలి, టైం వేయాలి. సాయంత్రం ఆరింటి వార్త అర్ధరాత్రి పాతదైపోతుంది.

ఫొటో ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో వెతకడానికి గూగుల్ లెన్స్ చాలు, బడిలో డిజిటల్ ప్యానెల్ ఉంటే దాని మీదే చేసి చూపించండి. పిల్లల చేతికి ఫోన్లు ఇవ్వక్కర్లేదు. ఏఐ వీడియోలను కంటితో పట్టుకోవడం, వేళ్ళు లెక్కపెట్టడం లాంటి చిట్కాల మీద టైం పెట్టకండి, ఈ ఏడాది చిట్కా వచ్చే ఏడాదికి చెల్లదు. ఇది మొదట ఎవరు పెట్టారు, ఇంత పెద్ద సంగతి నిజమైతే ఇంకెవరూ ఎందుకు రాయలేదు అన్న ప్రశ్నలు మాత్రం ముసలివి కావు. తెలుగులో నిజనిర్ధారణ చేసే ఫ్యాక్ట్‌లీ లాంటి సైట్లు చూపించండి. పీఐబీ ఫ్యాక్ట్ చెక్ కేంద్ర ప్రభుత్వ సంగతులకు పనికొస్తుంది, అది ప్రభుత్వానిదే అని కూడా చెప్పండి. పదో తరగతికి ఇక్కడే ఒక మంచి చర్చ ఉంది. తన గురించి వచ్చేవాటిలో ఏది అబద్ధమో తేల్చే విభాగాన్ని కేంద్రం ఐటీ నిబంధనల కింద పెట్టబోతే, 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. భావ ప్రకటన స్వేచ్ఛ, 19వ అధికరణం పుస్తకంలోంచి లేచి నిలబడుతుంది.

ఎన్నికలు, గొడవలు

ఎన్నికల పాఠానికి నడుస్తున్న ఎన్నిక వద్దు, తేలిపోయిన ఎన్నిక తీసుకోండి. 2024లో మన రాష్ట్రంలో పోలింగ్ మే 13న, ఎగ్జిట్ పోల్స్ జూన్ 1 సాయంత్రం, లెక్కింపు జూన్ 4న. ఎగ్జిట్ పోల్స్ కొన్ని ఒక పక్షానికి, కొన్ని ఇంకో పక్షానికి గెలుపు ఇచ్చాయి. ఫలితం 175లో కూటమికి 164, వైసీపీకి 11. పోల్స్ పట్టిక, ఫలితాల పట్టిక పక్కపక్కన పెట్టి, ఎంతమందిని అడిగారో, ఎక్కడ అడిగారో, ఎవరి డబ్బుతో చేశారో చెప్పినవి ఎన్నో వెతికించండి. పోలింగ్ అయ్యేదాకా ఎగ్జిట్ పోల్స్ ఎందుకు వేయనివ్వరో దానంతట అదే అర్థమవుతుంది. వార్తలా కనపడే డబ్బు వార్తల్ని చూడ్డానికి ఎన్నికల సమయంలో ప్రతి జిల్లాలో ఎంసీఎంసీ (మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీ) అనే కమిటీ ఉంటుంది, ఆ సంగతి కూడా చెప్పండి, ప్రకటనకూ వార్తకూ తేడా పట్టే పని ఇవ్వండి.

తిరుపతిలో చెప్తున్నాం కాబట్టి శ్రీవారి లడ్డూ నెయ్యిలో కల్తీ జరిగిందన్న వివాదం క్లాసులోకి వచ్చి తీరుతుంది. మీరు ఎత్తకపోయినా ఎవరో ఒకరు అడుగుతారు. మీ అభిప్రాయం చెప్పకండి. బోర్డును గళ్ళు చేయండి: ఆరోపణ, ఖండన, ల్యాబ్ నివేదిక, కోర్టు ఆదేశం, దర్యాప్తు తేల్చింది. 2024 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అన్నది మొదటి గడిలో, అవతలి పార్టీ అన్నది రెండో గడిలో. అక్టోబరు 4న సుప్రీంకోర్టు సీబీఐ, రాష్ట్ర పోలీసు, ఆహార భద్రతా సంస్థ అధికారులతో ఐదుగురి బృందాన్ని వేసింది, అది ఆదేశం, తీర్పు కాదు. పిల్లలు తాము విన్న ప్రతి మాటనీ ఏ గడిలో పడుతుందో చూసి వేయాలి. ఎవరిది తప్పు అని అడిగితే, ఏ గడి నిండిందో, ఏది ఇంకా నిండాలో చూపించండి. భక్తి ఉన్న ఇళ్ళ పిల్లలు వాళ్ళు, బాధపడే మాట ఒక్కటి కూడా మన నోట రాకూడదు.

పార్టీ ఇళ్ళ పిల్లలు రెండువైపులా ఉంటారు. అందుకే ఉదాహరణ తెచ్చిన ప్రతిసారీ రెండు వైపులవీ తేవాలి, హెచ్‌ఎం గారికి ముందే లెసన్ ప్లాన్ చూపించాలి, ఏ పేపర్ తెచ్చామో అందులో రాసి ఉండాలి. ఎవరైనా తల్లిదండ్రులు వచ్చి అడిగితే ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది.

ఇంట్లో సంగతి కూడా నేర్పాలి. కొత్తగా నేర్చుకున్న పిల్లాడు ఇంటికెళ్ళి "తాతా, నువ్వు పంపింది అబద్ధం" అంటే తాత చెంప వాయిస్తాడు, లేదా ఆ మెసేజ్‌నే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. "తాతా, ఇది నీకు ఎవరు పంపినారు? ఎప్పటిదో చూద్దామా?" అని పక్కన కూర్చుని అడగమనండి. అందరి ముందు గ్రూపులో కాకుండా, విడిగా. దీన్ని క్లాసులో ఇద్దరి చేత నటింపజేయండి, ఒకరు అవ్వ, ఒకరు మనవరాలు. నవ్వుకుంటారు, అయినా పద్ధతి గుర్తుంటుంది.

మార్కుల కోసం ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు పనిలో పెట్టండి. ఒక ఫార్వర్డ్ గానీ పేపర్ వార్త గానీ తీసుకుని, ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఇంకెక్కడ ఉంది, ఏం వదిలేశారు, నేను ఎంతవరకు నమ్ముతాను అని రెండు పేజీలు. నిజం, అబద్ధం అని తేల్చినందుకు మార్కులు వేయొద్దు, తేల్చిన దారికి వేయండి. వెతికి వెతికి "తేలలేదు" అని రాసి, ఎక్కడెక్కడ వెతికిందో చూపించిన పిల్లకు పూర్తి మార్కులు ఇవ్వండి. పదో తరగతికి జనవరి తర్వాత ఇవేవీ కుదరవు, స్టడీ అవర్స్ మొదలైపోతాయి. అందుకే భోజనం పీరియడ్, జనగణమన జూన్, జూలైలోనే ముగించి, పేపర్ల పని దసరా లోపు చేసేయండి. ఎనిమిది, తొమ్మిదికి ఆ తొందర లేదు, నెలకు ఒక పీరియడ్ చొప్పున ఏడాదంతా సాగించొచ్చు.